మూడు గోర్ల డ్రాగన్

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద
లింబాద్రి కొత్త బండికి డ్రాగన్ గీస్తున్న.
నోట్లకెల్లి మంట, మంట మీద నూడుల్స్ అని రాయాలె.
ఎనిమిది వందలకు మాట్లాడుకున్నం.

ఎనకొచ్చి నిలవడ్డడు లియావ్ సాబ్, పళ్ళ డాక్టరు.
సగం గల్లీ ఆయన కట్టిన పళ్ళతోనే
నల్లి బొక్క కొరికింది.
"మంటెందుకు పెట్టినవ్?"
"సినిమాల సూసిన సాబ్."
"అది పడమటి జంతువు. మాది నీళ్ళది.
మబ్బుల పంటది. వాన కోసం మొక్కుతరు,
రాకుంటే తిడతరు."

ఇగ సురువైంది.
కొమ్ములు దుప్పివి, తల ఒంటెది, చెవులు ఎద్దువి,
పొలుసులు చేపవి, నూటపదిహేడు.
నేను డెబ్బై కాడ ఆపిన.
ఎనిమిది వందలకు డెబ్బై చాలు.

"గోర్లు ఐదు గీసినవ్.
ఐదు బాద్‌షాకే. నాలుగు నవాబులకు.
బండికి మూడు."
కాలుకు రెండేసి గోర్లు థిన్నర్‌తోని తుడిచిన.
లింబాద్రికి చెప్పలే.

"బాణలి మీద తావ్‌థియే గీయి.
ఉత్త మొఖమే, పెయ్యి ఉండది.
ఆకలికి తన పెయ్యి తనే తిన్నది.
తినేటోడా, గిట్ల గాకురా అని
పాతకాలపోల్లు గిన్నెల మీద చెక్కిండ్రు."
"గిరాకి పోతది సాబ్," అన్నడు లింబాద్రి.
"గల్లపెట్టెకు పీషియూ మరి.
బంగారం మింగుతది, ఎనకకెల్లి తొవ్వ లేదు."
"గదీ! గది గీయన్నా, డబల్ సైజుల!"

ఇంకోటున్నదట, ఛీలిన్.
గడ్డిపోస నలగకుంట నడుస్తది,
మంచోడు రాజైతెనే కనవడ్తది.
ముగ్గురం రోడ్డు దిక్కు సూసినం.
సెట్విన్ బస్సు వోయింది.

"గొంతు కింద ఒక్క పొలుసు ఎదురు తిరిగుంటది.
దాన్ని ముట్టినోడు బతకడు."
నేను బ్రష్ కడుక్కుంట అడిగిన:
"మీ బోర్డు మీద లేదేంది సాబ్, డ్రాగన్?"

సిగ్నల్ రెండుసార్లు మారింది.

"ఉండె. నాయిన గీయించిండు.
అరవై రెండుల నాయినే దించిండు.
నిచ్చెన నేను పట్టుకున్న."
అంతే.
వారం వారం ఠాణాల సంతకం సంగతి
చాయ్ హోటలాయన చెప్పిండు, తర్వాత.

ఆకరికి గదవ కింద ముత్యం.
"పత్తర్‌గట్టిల తొలుస్తరు సూడు,
అండ్ల చానా మా దిక్కువే," అన్నడు,
ఆ దిక్కు ఎన్నడు వోని మనిషి.
లింబాద్రి ఒంగి సూసిండు.
"గుడ్డు మస్తొచ్చిందన్నా. పక్కన రేటెయ్యి,
ఎగ్ నూడుల్స్ అరవై."
సాబ్ నవ్విండు. నేను రాసిన.

బండి కదిలే ముందు
గొంతు కింద ఒక్క పొలుసు తిప్పి గీసిన.
డెబ్బై ఒకటి.
దాని మీద ఏం రాయలే.