తూకపు రాయి

బెలవాన్ రేవులో పదకొండో నంబరు ట్యాంకుకి
నలభై రెండు మెట్లు.
ఎన్నిసార్లు ఎక్కానో నేను లెక్కపెట్టలేదు,
మోకాళ్లు పెట్టుకున్నాయి.

పైన మూత తీస్తే ఎర్రటి పామాయిల్,
పండిన గుమ్మడికాయను కోసిన వాసన.
చల్లారితే గడ్డకడుతుంది, కాగితే పాడవుతుంది.
"చంటిపిల్లకి నీళ్లు కాచినట్టు కాచాలమ్మా" అనేవాడు
నాకు పని నేర్పిన పాక్ సుకార్దీ.
ఆయన ఏ చంటిపిల్లకీ నీళ్లు కాచిన పాపాన పోలేదని
తర్వాతెప్పుడో ఆయన భార్య చెప్పింది.

కింద ల్యాబులో
సీసాలో కాస్త నూనె, కాస్త స్పిరిట్టు, రెండు చుక్కల మందు.
పైనుంచి బొట్టు బొట్టుగా క్షారం.
గులాబీ రంగు వస్తుంది, పోతుంది,
వస్తుంది, పోతుంది.
అర నిమిషం నిలబడితేనే అంకె రాయాలి.
ఐదు శాతం దాటితే రాటర్‌డామ్‌లో ఎవరో ధర కోస్తారు,
ఇక్కడ ఎవరో నా మీద అరుస్తారు.
ఒకసారి ఐదు పాయింటు ఒకటి వచ్చింది.
"కళ్లద్దాలు మార్చుకో దమేరియా,
నాలుగు పాయింటు తొమ్మిదేగా అది" అన్నాడు మేనేజరు.
మార్చుకున్నాను.
కొత్త అద్దాల్లో ఐదు పాయింటు ఒకటి
ఇంకా బాగా కనిపించింది.
ఆ ఏడు నాకు జీతం పెరగలేదు.

దీనికి ముందు నాలుగేళ్లు రబ్బరు.
తెబింగ్ తింగిలో ఫ్యాక్టరీ గేటు పక్కన కొనుగోలు బల్ల.
పచ్చి రబ్బరు గడ్డల కంపు ఎరగనివాళ్లకి ఎలా చెప్పను?
బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ.
చర్చిలో మా బల్ల చివరిది, కిటికీ వారగా.
గడ్డను కొక్కెంతో లాగి, కత్తితో చీల్చి చూడాలి.
లోపల బెరడు, మట్టి,
ఒక్కోసారి రాయి.
ఎక్కడ దాస్తారో నాకెవరూ నేర్పక్కర్లేదు.
చిప్పలో పాలు సగం పేరుకున్నాక, తెల్లారేలోపు,
మా నాన్న అడిగితే వాగులోంచి ఏరి తెచ్చింది నేనే.
కోడిగుడ్డంతవి, నున్నటివి.
"మరీ పెద్దవి వద్దే, దేవుడు చూస్తాడు" అనేవాడు.

ఒక మంగళవారం ఎవరో ముసలాయన గడ్డ మీద
నా కత్తి టంగుమంది.
ఆయన తల దించుకున్నాడు.
పక్కనున్న పిల్ల మాత్రం నన్నే చూసింది.
పది కిలోల కోత, నియమం.
రాశాను.
రాయిని జేబులో వేసుకున్నాను, ఎందుకో.

అప్పట్నుంచీ అది నా బల్ల మీదే,
ఫ్యాను గాలికి ఎగిరే ఓడ కాగితాల మీద.
ఒక్క అక్షరం తప్పినా బ్యాంకు వెనక్కి పంపే కాగితాలు,
నాలుగు దేశాల ముద్రలు, నా పొట్టి సంతకం,
వాటన్నిటినీ వాగురాయి కదలకుండా పట్టుకుంది.

తొంభై ఎనిమిదిలో డాలరు కొండెక్కింది.
ఎగుమతి ఆపమని ఒక కాగితం,
పన్ను కట్టి పంపమని ఇంకో కాగితం.
ఓడలు లంగరేసుకుని తుప్పు పట్టాయి.
నా కాళ్ల కింద మూడు వేల టన్నుల నూనె.
మెట్ల మీంచి చూస్తే రోడ్డు మీద వంటనూనె క్యూ,
అందులో పసుపు డబ్బాతో మా చెల్లి లాస్మా.
చెయ్యి ఊపాను.
ఊపకుండా ఉండాల్సింది.

నాన్న తోట కొట్టేసి పామాయిల్ మొక్కలు నాటారు.
ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు.
చూపుడువేలు మాత్రం ఊరుకునేది కాదు.
అన్నం బల్ల మీద, దుప్పటి మీద, నా ముంజేతి మీద
ఏటవాలుగా గీతలు గీసేది,
లోతుగా కాదు,
చెట్టుకి నొప్పి పుట్టనంత.

నిన్న ఆఖరి రోజు.
అంకె ఇప్పుడు మెషీనే చెబుతుంది, గులాబీని ఎవరూ కాపలా కాయరు.
ఎర్నితా అనే కొత్తపిల్ల నా కుర్చీ ఎత్తు సరిచేసుకుంది.
గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు సంచి తెరిచాడు.
టిఫిను డబ్బా, గొడుగు, చెప్పుల జత, రాయి.
"ఇదేంటి ఇబూ, కంపెనీదా?"
"కాదు, మాదే."
గేట్‌పాస్‌లో రాయికి గడి లేదు.
పాపం, చాలాసేపు వెతికాడు.