గోడ ఏదో చెప్పు

పగలంతా ఎస్పీ రోడ్డులో స్క్రూలమ్ముతాను.
ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను,
గోడ ఏదో చెప్పు.
ఇటుకా, కాంక్రీటా, లోపల డొల్లగా ఉండే జిప్సం పలకా?
మేకు బలం మేకులో ఉండదు సారూ,
అది దిగే చోట ఉంటుంది.
కన్నడంలో చెప్తాను, హిందీలో చెప్తాను,
తమిళంలో చేతులతో చెప్తాను.

రాత్రి పదిన్నరకి కలాసిపాళ్యం గదిలో
లుంగీ ఎగ్గట్టి, ఫ్యాను కింద కూర్చుని
అదే ప్రశ్న నన్ను నేను అడుక్కుంటాను.
తెరమీద పిస్తోలు, పక్కన ఖాళీ మ్యాగజైను.
పదిహేడు తూటాలు పడతాయి.

బోలుముక్కుది చవక.
మెత్తటి ఒంట్లో దిగి విచ్చుకుంటుంది,
కవచం అడ్డొచ్చిందా, పచ్చివడియంలా
చితికి అక్కడే అతుక్కుంటుంది.
ఉక్కుముక్కుది ఒక్కోటి మూడొందల ఎనభై, ఆట డబ్బులే అయినా
సేఠు నా జీతం లెక్కపెట్టినట్టు లెక్కపెడతాను.
కవచాన్ని చీల్చుకుపోతుంది నిజమే,
ఒట్టి చొక్కావాడికి తగిలితే మాత్రం
ఇటు దూరి అటు పోతుంది,
వాడింకా మెట్లు దిగుతూనే ఉంటాడు.
నిదానంగా పోయేది ఇంకోటుంది. సైలెన్సరు బిగిస్తే
పక్కగదిలో చెప్పు జారిపడ్డంత చప్పుడు.

"ఎదుటోడు ఎవడో తెలీనప్పుడు ఏది వెయ్యాలి?" అంటే
హెడ్‌ఫోన్‌లో తబస్సుమ్ నవ్వింది.
ఆమెను నేనెప్పుడూ చూడలేదు.
శివాజీనగర్‌లో రక్తం తీసే ల్యాబట.
"చెయ్యి చూడకుండా సూది తియ్యను ఓబుళేసన్నా,
తియ్యాల్సొస్తే సన్నది తీస్తా."

మ్యాగజైను నింపడం ఆమే నేర్పింది.
చివర ఎక్కించింది ముందు పేలుతుంది,
కాబట్టి మొదటి అవసరాన్ని చివర పెట్టు.
అడుగున ఉక్కువి ఐదు, నడుమ బోలువి పది,
పైన సద్దు చెయ్యనివి రెండు.

ఆ అడుగు ఐదింటి దాకా నేనెన్నడూ పోలేదు.
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమెందుకని
దాచి, దాచి, దాచిన వాటితోనే చచ్చిపోయాను
నలభై రాత్రులు.
నా జేబులు తడిమినవాళ్లు ఎంత మురిసిపోయారో!

మొన్న శనివారం వాన.
ఆటలో పాడుబడ్డ మందుల ఫ్యాక్టరీ, రెండో అంతస్తు.
చెక్క తలుపు అవతల అడుగుల చప్పుడు.
చెక్కకి బోలుది దండగ.
మ్యాగజైను ఊడదీసి వరుస మారుస్తున్నాను,
టిక్కు, టిక్కు, ఒక్కొక్కటే,
చెమట పట్టిన వేలు మౌసు మీద జారుతోంది.
అవతలనుంచి గొంతు.

"నా... ఎవురైనా సరే, కాల్చాకు నా.
కొత్తోణ్ణి. దీంట్లో గుండ్లు యాడేస్తారో గూడా తెలీదు."

కదిరి మాట. అచ్చం మా కదిరి మాట.

ఇక్కడ దేశమంతా ఆడుతుంది, అరుపులన్నీ హిందీలో, ఇంగ్లీషులో.
తలుపివతల తెలుగు ఉందని వాడికెట్లా తెలుసు?
తెలీదు. పాపం, భయమేసింది.
చివర ఎక్కించింది ముందొస్తుందన్న లెక్క
మనిషి నోటికి కుదరదేమో.
భయమేస్తే
అన్నిటికన్నా అడుగున ఉన్నదే పేలుతుంది.

తలుపు తీశాను.
తుప్పు పిస్తోలు, చొక్కా చిరుగు, పైన కవచం లేదు.
నా ఉక్కువి ఐదూ నేల మీద పెట్టి
ఒక్కోటీ తియ్యి, బొటనవేలితో అదుము అని చెప్తున్నాను.
"ఇంత రేటువి నాకేలనా?" అంటున్నాడు.
నాలుగోది ఎక్కిస్తుండగా
కిటికీలోంచి ఎవడో ఇద్దర్నీ కూల్చేశాడు.

ఏ తూటా అని అడిగింది తబస్సుమ్.
తెరమీద రాసుంది చూశాను.
అంగట్లో అన్నిటికన్నా చవకది.
ఆమె నవ్వు ఆగలేదు, నాదీ.
వాడి పేరు అడగనే లేదు.

సోమవారం ఒకాయన స్క్రూలకొచ్చాడు.
ఏ గోడో ఆయనకీ తెలీదట, అద్దె ఇల్లు.
పొయ్యి వేలితో తట్టండి సారూ, అన్నాను.
తట్టి, ఊరికే
కాసేపు వినండి.