నాలుగో వాయి

డెలొరైన్‌లో జులై. కిటికీ అద్దం మీద మంచు గీతలు.
పాత తువ్వాలు కప్పి పెట్టిన నా మొదటి సబ్బు
రాత్రి ఏ జాములోనో పొంగింది.
అచ్చు అంచు దాటి, గట్టు దిగి,
ఎప్పుడూ సగంలో మొరాయించే సొరుగులోకి,
చెంచాల మీదికి.
ఈ ఇంట్లో దిగిన రోజు పాలు పొంగించలేదు.
అద్దె ఇల్లు, కరెంటు పొయ్యి, పొగ అలారం భయం.
ఏడు నెలలకి ఇదిగో, పొంగు.
అదీ తూర్పు వైపే.

రెండో వాయి పొంగలేదు, పగిలింది.
చలికి నా మడమ పగిలినట్టు నిలువునా.
పగులులోంచి గోధుమరంగు చెమట,
వేలికి అద్దుకుంటే జిగట,
ఇల్లంతా ముదిరిపోయిన బెల్లం పాకం వాసన.

మూడోది కుదిరిందనే అనుకున్నాను.
కోస్తే, ప్రతి ముక్క నడుమ ముదురు వలయం,
సగం ఉడికిన గుడ్డులో సొనలా.
అంచుకి నాలుక ఆనించాను.
చుర్రుమంది, బ్యాటరీ నాకినట్టు.
తేనె పూసిన కత్తి అంటే ఏమిటో
నలభై ఒకటో ఏట రుచి తెలిసింది.

చీజ్ ఫ్యాక్టరీ ల్యాబులో
పదకొండేళ్ళు పాల పులుపు కొలిచినదాన్ని.

తేనె గ్లెనిస్ ట్రిఫిట్‌ది.
డెబ్బై రెండేళ్ళ మనిషి, వేసవిలో పెట్టెలు ట్రక్కుకెక్కించి
పడమటి అడవుల్లో లెదర్‌వుడ్ పూల దగ్గర దించి వస్తుంది.
నా ముక్కని గుర్రం పళ్ళు చూసినట్టు తిప్పి చూసింది.
"తేనె ఎంత పోశావ్?"
"కిలో నూనెకి అర కప్పు."
"పోసి?"
"వెచ్చగా ఉండాలని తువ్వాలు కప్పాను."
"జ్వరంతో కాలిపోతున్న పిల్లకి కంబళి కప్పుతావా?"
మా ఇంట్లో కప్పేవాళ్ళే. ఆ మాట అనలేదు.

రెండు చెంచాలు చాలంది.
గోరువెచ్చని నీళ్ళలో ముందే కరిగించమంది, చివర్లో పొయ్యమంది,
అదీ నూనే సోడా నీళ్ళూ అరచేతి వేడికి దిగాక.
"మరి నాలుక కరిచిందే?"
"కలపడం చాలలేదు. మధ్యలో ఆపావా?"
"ఫోనొచ్చింది."
ఎవరని అడగలేదు.
ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ వారం ఫ్యాక్టరీ
ఎంతమందికి ఫోన్ చేసిందో.

నాలుగో వాయి ఫ్రిజ్‌లో పెట్టాను,
పెరుగు గిన్నెకీ గోంగూర పచ్చడికీ మధ్య.
ఫోను బీరువాలో బట్టల కింద.
కలిపినంత సేపూ కలిపాను,
గరిట ఎత్తితే దోసెపిండిలా తీగసాగేదాకా.
మర్నాడు పొంగు లేదు, పగులు లేదు.
తెల్లగా రాలేదని ఫిర్యాదు చేస్తే,
"తేనె వేసి తెలుపు అడగకూడదు" అంది గ్లెనిస్.
పగిలినదాన్ని తనే పట్టుకుపోయింది,
పొగడబ్బా మసికి అదే బాగుంటుందట.

ఆరు వారాలు ఆరాక మళ్ళీ నాలుక ఆనించాను.
చప్పగా, సబ్బులా.
ఇంతకన్నా మంచి వార్త ఈ చలికాలంలో వినలేదు.

మొదటి వాయి మాత్రం పూర్తిగా పోలేదు.
గీకినంత గీకాను, చెంచాలు మూడుసార్లు తోమాను.
చెక్క సందుల్లో ఎక్కడో ఉండిపోయింది.
ఇప్పుడా సొరుగు
చిటికెన వేలితో లాగినా
చప్పుడు లేకుండా వచ్చేస్తోంది.