క తో ఒక్క నిమిషం

"సింహాద్రప్పడు గారూ, క తో మొదలయ్యే మాటలు చెప్పండి, ఒక్క నిమిషం"
అంది డాక్టరమ్మ, గడియారం నొక్కి.
కత్తి, అన్నాడు.
కాకి.
చాలాసేపు ఫ్యాను వంక చూశాడు.
కుర్చీ. తను కూర్చున్నదే.
మళ్లీ, కత్తి.

ఫిషింగ్ హార్బర్‌లో ముప్పై ఏళ్లు
పడవల మూతి మీద పేర్లు రాసినవాడు.
కనకమహాలక్ష్మి అని ఎన్ని వందలసార్లు రాశాడో,
ప్రతి ల కీ ఒక అల చుట్టి.
పేర్లు లెక్కలోకి రావంట.
నా లెక్కలోకి వస్తాయి తల్లీ, అనలేదు నేను.

ఏడేళ్ల కిందట ఆ చెయ్యి
టీ గ్లాసుని పెదవిదాకా మొయ్యలేకపోయేది.
కుంచె ముంచితే రంగు డబ్బా మోగేది.
పుర్రెకి రెండు బెజ్జాలు పెట్టి
సేమ్యా పోగంత తీగలు లోపలికి దించారు,
మెడ ఎముక కింద సబ్బుబిళ్లంత బ్యాటరీ.
స్విచ్చి వేసిన రోజు
నిండా నీళ్లున్న గ్లాసు పట్టుకుని
వార్డు ఈ చివర్నించి ఆ చివరికి నడిచాడు.
పక్క మంచాలవాళ్లు చప్పట్లు కొట్టారు.
నేను నూట ఎనిమిది కొబ్బరికాయలు బాకీ పడ్డాను అమ్మవారికి.

చెప్పారు, అబద్ధమెందుకు.
కాయితం చదివి మరీ చెప్పారు:
మాట తడబడొచ్చు, తీరు మారొచ్చు.
చెయ్యి ఆగితే చాలన్నాను.
వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను.

రెండో ఏడు, రాత్రి రెండింటికి లేచి
ఇంటి గోడలన్నీ నీలం పూశాడు.
పూర్ణామార్కెట్‌లో అప్పు మీద పద్నాలుగు డబ్బాలు.
నా గాజులు కుదవపెట్టి పాత తెప్ప కొన్నాడు,
ఈత రానివాడు.
"నీకేటి తెలుసే" అని నవ్వేవాడు.
నేను పెళ్లాడిన నవ్వు కాదది.
డాక్టరమ్మ మిషను ముందు కూర్చోబెట్టి
ఏదో చుక్కంత తగ్గించింది.
తెప్ప అమ్మేశాం.
గాజులు రాలేదు.

తర్వాత మెల్లగా ఇంకోటి.
కోపం లేదు. ఆకలి, చెబితేనే.
మా చిన్నది పురిటిగుడ్డుని ఒళ్లో పెడితే
బరువు చూసినట్టు చూసి తిరిగి ఇచ్చేశాడు.
"ఏడుపు రాలేదే" అన్నాడు ఆ రాత్రి,
బస్సులో గొడుగు మర్చిపోయినవాడి గొంతుతో.

ఇది తీగా? జబ్బా? వయసా?
మూడూ కావచ్చంటారు.
పులుసులో ఉప్పెవరిదో తేల్చమన్నట్టుంది,
చేపదా, సముద్రానిదా, నా చేతిదా.

అదే రోజు, పరీక్ష కోసం, కాసేపు మిషను ఆపారు.
ముందు బొటనవేలు, తర్వాత చెయ్యంతా,
తర్వాత గడ్డం.
ఎవరికీ చెప్పని మాట చెబుతున్నాను:
ఆ వణుకు చూడగానే
కాంప్లెక్స్‌లో బస్సు దిగుతున్న పాత చుట్టం కనబడ్డట్టయింది.
వచ్చేవా, అనబోయాను.
అతని కళ్లు స్విచ్చి మీదున్నాయి,
తప్పిపోయిన పిల్లాడి కళ్లు.
మాటలు మాత్రం అప్పుడూ రాలేదు.
కత్తి. కాకి.
"వెయ్యండమ్మా బేగి" అన్నాను.

ఇప్పుడు నేను కాయితం మీద పేరు రాసిస్తాను,
అతను చూసి పడవ మీదకి దించుతాడు.
గీత ఇనపకడ్డీలా తిన్నగా ఉంటుంది.
ల చుట్టూ అల ఉండదు.
ఓనర్లు అడగరు.

నిన్న సాయంత్రం ఐసు బండ్లు దిగుతున్నాయి,
డాల్ఫిన్ నోస్ మీద దీపం ఇంకా వెలగలేదు,
గట్టు మీద గంపలకేసి చూస్తూ చానాసేపు కూర్చున్నాడు.
"కవ్వళ్లు" అన్నాడు.
కొందామా, అన్నాను కొంగుముడి విప్పుతూ.
"కాదే.
క తో."

డాక్టరమ్మ నిమిషం అయిపోయి నాలుగు రోజులు.