పదకొండు నుంచి రెండు దాకా

పొద్దున్నే పంతొమ్మిది అంతస్తుల మెట్లు, ఆ తర్వాత నిచ్చెన.
క్రేన్ గది చేరేసరికి వేళ్లు నావి కావు.
హీటర్ వేసి, గ్లవుజులు విప్పి,
థర్మాస్‌లోంచి ఉప్పు టీ ఒక మూతెడు.
కింద ఉలాన్‌బాతర్ ఇంకా లేవలేదు,
దాని పొయ్యి గొట్టాలు మాత్రం లేచాయి.

మా భవనానికి ఉత్తరాన, చెక్క దడి లోపల
పగ్మా ఉన్ని గుడారం.
ఆ సందులో అందరూ సంతకం పెట్టారు, ఆమె తప్ప.
"పెన్ను బాగానే ఉంది, చెయ్యే ఆడలేదు" అందట.

రోజూ ఇంత పాలగిన్నె పట్టుకుని బయటికొచ్చి
తొమ్మిది గుంటల చెక్క గరిటెతో
ఆకాశానికి చల్లుతుంది.
అరవై ఏళ్లుగా అక్కడ ఎవరున్నారో తెలీదు గానీ
ఈ ఏడాది మాత్రం నేనున్నాను.
నా వైపు లేచిన పాలు
ఎవరి లెక్కలో పడతాయో సూపర్‌వైజర్‌ని అడగలేను కదా.

గుడారం నడినెత్తిన గుండ్రటి కన్నం.
అందులోంచి దిగే ఎండబిళ్ల
పడమటి మంచం దగ్గర మొదలై
పెట్టెల మీద, ఫోటోల మీద పాకి
తూర్పున గిన్నెల అర చేరితే ఇక సాయంత్రమే.
ఆమె ఎప్పుడూ గడియారం కొనలేదు.
ఇప్పుడు పదకొండింటికి బిళ్ల ఆరిపోతుంది,
రెండింటికి గిన్నెల దగ్గర మళ్లీ వెలుగుతుంది.
మధ్యలో ఆ ఇంట్లో పొద్దు లేదు.
నీడంటే ఆశ్రయం అనుకునే దేశాలున్నాయట.
వాళ్లకి మైనస్ ముప్పై తెలిసుండదు.
ఈ నీడని ఎత్తి నిలబెట్టింది నేనే,
కడ్డీ కడ్డీగా, తొట్టి తొట్టిగా.

నేనొక అంతస్తు పెంచితే
ఆమె గుడారం విప్పి, పది అడుగులు వెనక్కి జరిగి వేసుకుంటుంది.
గడ్డి కోసం తిరిగినవాళ్ల కూతురు
తన పెరట్లోనే ఎండ కోసం వలస.
నాలుగుసార్లు చూశాను.
ఐదోసారి దడి అడ్డొచ్చింది.

అలాగని నన్ను మరీ కుమిలిపొమ్మనకండి.
నేనూ అలాంటి గుడారంలోనే పుట్టాను.
రాత్రి దొడ్డికెళ్లాలంటే కోటు, బూట్లు, తోడుగా కుక్క.
ఎనిమిదేళ్లప్పుడు నీళ్ల డబ్బా బండి మంచు మీద జారి
ఆ నీళ్లు నా కళ్లముందే గడ్డకట్టాయి,
అమ్మ డబ్బానే కొట్టింది, నన్ను కొట్టలేక.
ఇదే భవనంలో ఆరో అంతస్తు, ఉత్తరం వైపు
ఒక్క గది నా పేర. జీతంలో మూడోవంతు దానికే.
కుళాయిలో వేడినీళ్లు అన్న ముక్క
ఒప్పందం కాగితంలో రెండుసార్లు చదివాను.
కిటికీ తీస్తే ఆమె పెరడు కనిపిస్తుంది.
ఆ సంగతి ఒక్కసారే చదివాను.

అక్టోబర్ చివర మా లారీలు సందు మూసేశాయి.
ఆమె బొగ్గు మూటలు అవతలి మూలనే ఆగిపోయాయి.
కింద నుంచి గొంబోసురెన్ రేడియోలో దగ్గాడు:
"మూడు మూటలు. పుస్తకంలో రాయకు."
రాయలేదు.
టన్నుల ఇనుము మోసే చెయ్యి
ఆ మూడింటినీ నిద్రపోయిన పిల్లల్లా దడి దాటించింది.
కొక్కెం పైకి లాగబోతే "ఆగు" అన్నాడు.
ఆగాను. అంత ఎత్తునుంచి ఏం జరుగుతోందో తెలీలేదు,
ఒక చుక్క ఇంకో చుక్క దగ్గర తచ్చాడడం తప్ప.

పైకొచ్చాక చూశాను,
కొక్కేనికి నీలి పట్టుగుడ్డ.
కొండకీ, గెలిచిన గుర్రానికీ, ఇంటి పెద్దకీ
కట్టే గుడ్డ.

దాంతోనే సాయంత్రం దాకా ఇనుము ఎత్తాను,
ఇరవయ్యో అంతస్తుకి.

సేఫ్టీ ఆఫీసర్ తల పైకెత్తి చూసి
అదేమిటని అడిగాడు.
గాలి ఎటు వీస్తోందో తెలియడానికి, అన్నాను.
అబద్ధమేం కాదు.