ఆవగింజంత

బ్యాలరాట్‌లో జులై అంటే
వేళ్ళు స్క్రూలని గుర్తుపట్టవు.
వాకిట్లో, ఒక ప్లంబర్ దగ్గర కొన్న పాత వ్యాను.
తలుపు తీస్తే ఇంకా పైపుల జిగురు వాసన.

ఇల్లు కట్టి చూడమన్నవాళ్ళు
చక్రాల మీది ఇంటి మాట ఎత్తలేదు.
దీనికి మూల అనేదే లేదు.
గోడ ఎక్కడ ఆగి కప్పు ఎక్కడ మొదలవుతుందో
చెప్పడానికి ఒక గీతైనా లేదు.
రసమట్టం పెడితే బుడగ ఒక పక్కకి పారిపోయింది.
వాకిలే ఏటవాలు.
వ్యాను తప్పేం లేదు.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి
చక్రం మీది గుబ్బకి నమూనా తీశాను.
ఆనించడం, చూడడం, అంచు కత్తిరించడం,
మళ్ళీ ఆనించడం,
రవికె చంక దగ్గర పట్టేస్తే మా అమ్మ చేసినట్టే,
నోట్లో గుండుసూదుల బదులు పెన్సిలు.

గోడలు నేనొక్కదాన్నే వేసుకున్నాను.
ఇనప పక్కటెముకల మధ్య గొర్రె ఉన్ని కుక్కి,
వైర్లు ఎటు పోతున్నాయో ఫోన్లో ఫొటో తీసి,
పైన ప్లైవుడ్ మూసి.
ఒక పలక వీపు మీద నా కూడికలు ఉండిపోయాయి,
తప్పు కొట్టేసి మళ్ళీ చేసినవి.
వ్యాను తుక్కయ్యేదాకా వాటినెవరూ చదవరు.

కప్పు మాత్రం ఒంటిచేతి పని కాదు.
మూడున్నర మిల్లీమీటర్ల పలక, ఆరడుగుల పైన.
వంపుకి లొంగాలి, విరక్కూడదు.
ఒక కొస పట్టుకుంటే రెండో కొస నా మెడ మీదికి.
చీపురుకర్ర ఊతం పెట్టాను, జారింది.
మా ఆయనకి నడుం నొప్పి. మా మరిదికీ నడుం నొప్పే.
ఒకే కడుపున పుట్టిన నడుములు.

అందుకని వకుళకి ఫోన్ చేశాను.
మేం సరిగ్గా మాట్లాడుకుని రెండేళ్ళు.
వాళ్ళ గృహప్రవేశంనాడు
పులిహోరలో ఉప్పు గురించి నేనన్న ఒక్క మాట.
(అది నిజమే. ఇప్పటికీ.)
"ఎంతసేపు పడుతుంది?" అంది. అక్కా అనలేదు.
"తెలీదు" అన్నాను.
నైట్ డ్యూటీ దిగి, ఆస్పత్రి బూట్లతోనే వచ్చింది.

ఇద్దరం నడుం వంచి లోపలికెళ్ళి
పలకని పైకెత్తాం.
చేతులు చాలక తలలు ఆనించాం.
తోడికోడళ్ళం,
ఒకే చెక్కకి రెండు పోట్లు.

డ్రిల్లు నా చేతిలో.
జేబులో రెండు రకాల స్క్రూలు,
పదహారు మిల్లీమీటర్లవి, పాతికవి.
వేళ్ళ సంగతి ముందే చెప్పాను కదా.
మొదటిది దిగింది. రెండోది దిగింది.
మూడోది బద్దలోంచి మరీ తేలిగ్గా పోయి
టప్‌మంది.

కదలకుండా నిలబడ్డాం.
స్క్రూ వెనక్కి తిప్పి తీస్తే
ఆ కన్నంలోంచి
ఆవగింజంత ఆకాశం.

నేను వకుళ మొహం చూడలేదు.
తల తిప్పితే పలక జారుతుంది.
పక్కన ఊపిరి మాత్రం వినబడుతోంది.
ఇలాంటప్పుడు ఏమనాలో నాకు తెలుసు,
నేనైతే అనేదాన్ని.
చాలాసేపటికి
"ఉప్పెక్కువైందక్కా" అంది.

నవ్వుకి పలక ఊగిపోయింది.
పట్టు, నువ్వు పట్టు, అటు కాదు,
తిట్టుకుంటూ నవ్వుతూ
మిగతా పద్దెనిమిది స్క్రూలూ బిగించాం,
ఒక్కొక్కటీ వకుళ గోటితో కొలిచి ఇచ్చాకే.

తర్వాత నేను నిచ్చెనెక్కి
పైన కన్నంలో వేలితో సీలెంట్ అద్దాను.
వాన పడితే గానీ తెలీదు.

దిగి వచ్చేసరికి
చెక్కపొట్టులోనే పడుకుని నిద్రపోతోంది, బూట్లతో.
నేను ఒక చిన్న డబ్బా, ఒక పెద్ద డబ్బా ముందేసుకుని
స్క్రూలు ఏరుతూ కూర్చున్నాను.

కప్పు మీద ఏదో పిట్ట వాలి నడిచింది.
నిన్నటిదాకా రేకు మీద గోళ్ళు అది.
ఇవాళ మెత్తగా,
పక్కగదిలో ఎవరో
మనల్ని లేపకూడదని నడుస్తున్నట్టు.