బాకీ డప్పు

పొద్దున్నే పుదుప్పేటలో
ముత్యాలక్క ఇడ్లీకొట్టు ముందు
డప్పు కొట్టాను.
ఆస్తిపన్ను బాకీ మూడువేల నాలుగొందలు.
పరువు పోయేదాకా కొట్టమని
కార్పొరేషన్ కూలి.

ఆవిరిమూత చేత్తో పట్టుకుని
అలాగే చూసింది,
వానాకాలమంతా నాకు అరువు పెట్టిన మనిషి.

"సారూ, స్టేడియం స్థలానికీ
ఏళ్లుగా అద్దె కట్టలేదంట గదా,
అక్కడెప్పుడు కొడదాం?"
బిల్లు కలెక్టరు వాచీ చూసుకున్నాడు.
"సాయంత్రం ఏడున్నరకి."

నిజంగానే తీసుకెళ్లారు.
సర్కారు సొమ్ముతో లేచిన కొత్త గ్యాలరీలో
జట్టు చొక్కా తొడిగి నిలబెట్టారు.
సిక్సరు పడ్డప్పుడల్లా వాయించాలి.

అదే డప్పు, అదే దరువు.
నలభైవేలమంది ఎగిరి గంతులేశారు.
తల దించుకున్నవాడు
ఒక్కడూ లేడు.

ఆట ముగిసింది. డప్పు చల్లబడింది,
చేతులింకా మండుతున్నాయి.
రేపు పొద్దున
టిఫిను ఎక్కడ తినాలో.